నాగభస్మం సేవించేవారికి రక్తపరీక్ష

భస్మం సిద్ధమైనదో లేదో తేల్చడానికి రసశాస్త్రం మంచి పరీక్షలే చెప్పింది. నీటిపై తేలితే వారితరం. వ్రేళ్ళ గీతలలో ఇమిడితే రేఖాపూర్ణం. వాటిపై నాకు గౌరవమున్నది. కాని అవి భస్మాన్ని పరీక్షిస్తాయి, సేవించినవారి రక్తాన్ని కాదు. నాగభస్మమంటే సీసంతో చేసినదని ఎందరు గృహిణులు ఎరుగుదురు?

బోస్టన్ పరిసరాల దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఔషధాలలో 14 సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో కలిగి ఉన్నట్లు 2004లో అమెరికాలో ప్రకటించారు. దీనిని ఆయుర్వేదంపై దాడిగా కొట్టిపారవేయడం నాకు సమ్మతం కాదు.

పరమాణు శోషణ పరికరంలో రక్తాన్ని తీవ్రంగా వేడిచేసి, ఆ ఆవిరి గుండా కాంతిని పంపుతారు. సీసపు పరమాణువులు తమకు తగిన కాంతినే గ్రహిస్తాయి; ఆ కాంతి తగ్గినకొద్దీ సీసం హెచ్చని లెక్క. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములున్నా సీసం వచ్చే మార్గాన్ని వెదకి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. రక్తం తీసే గొట్టానికి లోహం అంటి ఉంటే లెక్క తప్పుతుంది. లోహ పరీక్షకు ప్రత్యేకించిన గొట్టమే అడగండి. మందు మానిన చాలాకాలానికి చేయిస్తే రక్తంలో సీసం తగ్గి కనిపిస్తుంది, ఎముకలలో మాత్రం ఏళ్ళతరబడి నిలిచి ఉంటుంది.

కనుక భస్మమిచ్చే వైద్యుడే ఆరంభంలో ఒకసారి, మండలం తరువాత ఒకసారి ఈ పరీక్ష వ్రాయాలి. గర్భిణులకూ, పిల్లలకూ ఈ చర్చే లేదు. వారికి సీసపు మందే కూడదు.