గురి కంటే ముందు బోను

తెలుగులో ‘గురి’ అన్న మాటకు లక్ష్యమని ఒక అర్థం, నమ్మకమని మరొక అర్థం. విలుకాడికి గురి ఉండాలంటాము, శిష్యుడికి గురువుపై గురి ఉండాలనీ అంటాము. ఎయిర్‌గన్ను ఇంటికి తెచ్చుకునేవారికి ఈ రెండు గురులూ కావాలి. లక్ష్యాన్ని కొట్టడం అభ్యాసంతో వస్తుంది. ఇరుగుపొరుగుల నమ్మకం మాత్రం తుపాకి ఎదుట ఏమి నిలిపామన్న దానిపై ఆధారపడుతుంది. అందుచేత తుపాకి కొనడానికి ముందే గుండును పట్టే పెట్టెను, దాన్ని నిలిపే స్టాండును చేయించుకోవాలని నా అభిప్రాయం.

ఆ పెట్టెను పెల్లెట్ ట్రాప్ అంటున్నారు. పెల్లెట్ అంటే సీసపు గుళిక కనుక దీన్ని ‘గుళికల బోను’ అంటే ఎలా ఉంటుంది? ఇంతకంటే మంచి మాట తోచినవారు చెప్పగలరు. ఈ టపా వరకు బోను అనే వ్యవహరిస్తాను.

ద్రోణుడు కురుపాండవ కుమారులకు పెట్టిన పరీక్షను ముప్ఫై ఏళ్లకు పైగా తరగతి గదిలో చెప్పాను. అర్జునుడికి పక్షి తల తప్ప మరేదీ కనబడలేదన్నది అందరికీ గుర్తుంటుంది. ఆ పక్షికి ప్రాణం లేదన్న సంగతి చాలామందికి గుర్తుండదు. వ్యాసభారతంలో అది శిల్పులచేత చేయించి చెట్టుకొనన పెట్టించిన కృత్రిమ పక్షి. అంటే, శిష్యుల చేతికి విల్లు ఇచ్చే ముందే ఆచార్యుడు లక్ష్యాన్ని తయారుచేయించి ఉంచాడు.

రామాయణంలో దశరథుడి కథ ఇందుకు సరిగ్గా విరుద్ధమైనది. సరయూ తీరాన చీకటిలో కుండ మునిగే చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుతున్నదనుకొని, శబ్దాన్ని బట్టి బాణం వేశాడు. ఆయన గురి తప్పలేదు, మునికుమారుడు నేలకొరిగాడు. లక్ష్యం దగ్గర ఏముందో, దాని వెనుక ఏముందో తెలియకుండా వదిలే బాణానికి ఎంత నేర్పు ఉంటే అంత ప్రమాదం.

ఇక అసలు సంగతికి వద్దాం. 10 మీటర్ల పోటీలలో వాడే ఎయిర్ రైఫిల్ గుళిక వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, బరువు సుమారు అర గ్రాము. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే అటువంటి గుళికకు ఏడున్నర జౌళ్ల వరకు శక్తి ఉంటుంది. కన్ను పోవడానికి అందులో కొంత చాలు. వదిలిన బాణం తిరిగి రాదని మనకొక నానుడి ఉన్నది. గట్టి గోడకు తగిలిన సీసపు గుళిక మాత్రం చిట్లి, ముక్కలుగా తిరిగి వస్తుంది. “పెరటి గోడ ఉన్నది గదా, అదే అడ్డు” అనేవారికి ఈ ఒక్క సమాధానం చాలు.

బోనులోని కిటుకంతా వాలులో ఉన్నది. ముందు వైపు 30 సెంటీమీటర్ల చదరపు నోరు వదలాలి. లోపల 3 మిల్లీమీటర్ల ఇనుప పలకను 45 డిగ్రీల వాలున అతకాలి. పలక పై అంచు కాల్చేవాడి వైపు, నోటి దగ్గర ఉండాలి, క్రింది అంచు వెనక్కి పోవాలి. అప్పుడు వచ్చిన గుళిక పలకకు తగిలి క్రిందికి మళ్లుతుంది. వాలు తిరగబడితే గుళిక పైకి లేచి, ఎవరి పెరట్లో పడుతుందో చెప్పలేము. నోరు 30, లోతు 30 అయితే పలక పొడవు 42 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. కర్ణం లెక్క వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లవాడు కాగితం మీద తేల్చగలడు. ఇరుప్రక్కలా త్రికోణాకారపు రేకులు, అడుగున పలక, నోటి క్రింద నాలుగు వేళ్ల ఎత్తు అంచు పెట్టించి, అడుగున పాత గుడ్డలు పరిస్తే బోను సిద్ధం. వెల్డింగు షాపువానికి బొమ్మ గీసి ఇస్తే చాలు. నోటికి అడ్డంగా దళసరి అట్టను బిగించి, లక్ష్యపు కాగితాన్ని దానికి క్లిప్పులతో పట్టించాలి. వెనక్కి చిమ్మే సీసపు తునకలను చాలావరకు ఆ అట్టే ఆపుతుంది. చిల్లులు పెరిగినప్పుడు దాన్ని మార్చాలి.

ఈ పెట్టె ఏడెనిమిది కిలోలు తూగుతుంది. పోటీలలో లక్ష్యపు నడిమి భాగం నేల నుండి 1.4 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తున ఇంత బరువు నిలవాలంటే స్టాండు కాళ్లు ఎడంగా ఉండాలి, అడ్డపట్టీలు బిగించాలి, కాళ్లపై ఇసుక మూటలు వేయాలి. సరుగుడు కర్రలైనా చాలును గాని ఊగకూడదు. దాని వెనుక మనుషులు నడిచే దారి ఉండకూడదు. వెనుక గోడ ఉన్నా, బోను చుట్టూ మందపాటి ప్లైవుడ్ పలక నిలపడం మేలు. కొత్తగా నేర్చేవాడి గుళిక ఎప్పుడూ పెట్టె నోటినే వెతుక్కొని రాదు.

ఇనుము ఖర్చనుకునేవారు కొయ్యపెట్టెలో పాత గైడు పుస్తకాలను నిలువుగా బిగించి, వెనుక ఇనుపరేకు వేసుకోవచ్చు. పరీక్షలు అయిపోయాక గైడ్లు ఒక సత్కార్యానికి పనికిరావడం ఉపాధ్యాయుడిగా నాకు సంతోషమే. అయితే ఒకే చోట మళ్లీ మళ్లీ తగిలితే ఎంత దళసరి పుస్తకమైనా తొలిచుకుపోతుంది కనుక తరచు చూసి మార్చాలి. ఉక్కు గుండ్లను మాత్రం ఇనుప బోనుపై ఎన్నడూ వాడరాదు. అవి చిట్లవు, బంతివలె తిరిగివస్తాయి. కంటి అద్దాలు కాల్చేవానికీ, ప్రక్కన నిలిచి చూసేవానికీ తప్పనిసరి. సీసం విషం గనుక గుళికలు ముట్టిన చేతులు సబ్బుతో కడగనిదే అన్నం ముట్టరాదు. బోనులో చేరిన సీసాన్ని చెత్తలో పోయకుండా డబ్బాలో దాచి పాత సామాన్లవానికి ఇవ్వాలి.

‘ఆటబొమ్మకు ఇంత ఆర్భాటమా?’ అని ఒక మిత్రుడు అడిగారు. 4.5 మిల్లీమీటర్ల లోపు, 20 జౌళ్ల లోపు ఉన్న ఎయిర్‌గన్నుకు 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం లైసెన్సు అక్కరలేదు. ఆ సౌలభ్యమే దాన్ని ఆటబొమ్మగా భ్రమింపజేస్తున్నది. చట్టం అడగని జాగ్రత్తను ఇంటి పెద్దలే అడగాలి. తిరునాళ్లలో బుడగలు కొట్టే బండ్ల దగ్గర నేను చూసినది ఒక చెక్క, ఒక పాత దుప్పటి, రెండు ప్రక్కలా మూగిన పిల్లలు. ఇక ఊళ్లలో బోను లేని తుపాకికి దొరికే లక్ష్యం గువ్వ, గోరింక, లేదా వీధికుక్క. కాగితం చేతిలో లేనివాడి కన్ను ప్రాణమున్నదానిపై పడుతుంది.

అలాగని ఈ విద్యను నిషేధించాలని నేననను. రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, నువ్వుగింజ కన్నా చిన్నది. దానిని కొట్టాలంటే ఊపిరి నిలవాలి, మనస్సు నిలవాలి. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండనులో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచినది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో రజతం తెచ్చింది. ఫోను తెరపై క్షణానికొక బొమ్మ మార్చే పిల్లలకు ఇంతకంటే మంచి ఏకాగ్రతా పాఠం నాకు తోచదు.

పదమూడేళ్ల మా మనవడు “తాతయ్యా, ముందు గన్ను కొందాం, పెట్టె తర్వాత చేయించుకుందాం” అన్నాడు. “పెట్టె రాని ఇంటికి గన్ను రాదురా” అన్నాను. వాడు మూతి ముడుచుకున్నాడు గాని, మరునాడు స్కేలు, కాగితం పట్టుకొని వచ్చి వాలు ఎంత పెట్టాలని అడిగాడు. వాడి చేతనే కొలతలు వేయించి, వాడి చేతనే కాళ్లు బిగింపించాను. తన చేతితో అడ్డు కట్టినవాడికి ఆ అడ్డు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

పిల్లలకు ఎయిర్‌గన్ను కొనిపెట్టదలచిన మిత్రులు ఈ క్రమం పాటించవలసిందని నా మనవి: ముందు బోను, తరువాత స్టాండు, తరువాత కంటి అద్దాలు, చిట్టచివర తుపాకి. భిన్నాభిప్రాయం ఉన్నవారు నిస్సంకోచంగా వ్రాయండి. ‘గుళికల బోను’ కంటే చక్కని మాట దొరికితే అదీ వ్రాయండి.