క్రొత్త బౌలింగు బంతికి రంధ్రములు

అమెరికా వనితలు 1916లోనే తమకై బౌలింగు సంఘమును స్థాపించుకొనిరి. నేటికిని అచ్చట ఈ యాట నాడు స్త్రీలు పెక్కురు కలరు. అట్టివారు క్రొత్త బంతి కొనునపుడు గమనింపవలసిన దొకటి కలదు.

రంగు చూచి బంతిని కొనవచ్చును గాని, రంధ్రములను మాత్రము ఆడుదాని తీరు చూచియే తొలిపింపవలయును. బంతి గర్భమున దిమ్మ యొకటి యుండును. దాని కొనను తెలుపు చుక్కను పిన్ అందురు. దొర్లునపుడు బంతి యే యిరుసుపై తిరుగునో, ఆ యిరుసు కొనకును పిన్‌కును నడుమ దూరమే ముఖ్యము. అది 3⅜ అంగుళములైనచో బంతి మిక్కిలి వంగును. సున్నకుగాని 6¾కుగాని చేరువైనచో వంపు తగ్గును. మెల్లగా దొర్లించువారికి అధికమైన వంపు తగదు. 60 అడుగుల బాట ముగియకమున్నే బంతి ప్రక్కకు తిరిగి బలము కోల్పోవును.

పూర్వము అదనపు రంధ్రముతో లోపమును సవరించుచుండిరి. 2020 ఆగస్టు 1 నుండి సంఘపు పోటీలలో, వ్రేలు పెట్టని రంధ్ర ముండరాదు. కావున మొదట పాత బంతిని నాలుగుమారులు దొర్లించి, దానిపై పడిన నూనె చారలను పనివానికి చూపుడు. వానినిబట్టి యతడు ఇరుసును గుర్తించును. తొలిచిన పిమ్మట వగచుటకంటె ఇది మేలు.