తుంటి కీలు - తెలిసి ఇచ్చు సమ్మతి

ఇంటి పెద్ద గోడ పట్టుకొని అడుగు వేయలేక నిలువగా, "ముసలితనమున నొప్పులు లేకుండునా?" అని సరిపుచ్చుట మన ఇండ్లలో పరిపాటి. అది ఓదార్పువలె వినిపించినను, ఫలము ఉపేక్షయే. మరికొందరు శస్త్రచికిత్సతో మరునాడే పడుచుతనము తిరిగివచ్చునని ఆశింతురు. రెండును తెలియమి వలననే.

తుంటి, గిన్నెలో గుండు తిరుగునట్టి కీలు. కటి ఎముకలోని గుంట గిన్నె. తొడయెముక తల గుండు. నడుమనున్న నున్నని మృదులాస్థి అరిగినపుడు ఎముకతో ఎముక రాచుకొని అడుగడుగున బాధ కలుగును. వైద్యుడు ఆ తలను తొలగించి, తొడయెముక లోపల లోహపు కాడను దిగవేసి, దానిపై క్రొత్త గుండును, గుంటలో క్రొత్త గిన్నెను అమర్చును.

ఈ చికిత్సకు నేటి రూపమిచ్చినవారిలో ప్రముఖుడు ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రి వైద్యుడు జాన్ చార్న్‌లీ. ఆయన మొదట టెఫ్లాను గిన్నెలను వాడెను. సుమారు 300 మంది బాధ తీరి నడచిరి. కొన్ని ఏండ్లకే గిన్నెలు అరిగెను. రాలిన పొడి చుట్టునున్న కండను చెరచెను. చార్న్‌లీ ఓటమిని దాచలేదు. ఆ పదార్థమును తన తొడలోనికే ఎక్కించుకొని దాని కీడును పరీక్షించెను. 1962 నవంబరులో పాలిథిలీను గిన్నెను, చిన్న ఉక్కు గుండును అమర్చి జయము పొందెను. మరణానంతరము ఆ కీళ్లను పరీక్షకు ఇచ్చుటకు ఆయన రోగులనేకులు సమ్మతించిరి. దాపరికము లేని వైద్యునికి దక్కిన విశ్వాసమది.

2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశీలన ప్రకారము, ఇట్టి కీళ్లలో సుమారు 58 శాతము 25 ఏండ్లు నిలుచును. తక్కినవి అంతకు ముందే మార్పు కోరును. చీము పట్టుట, కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టుట, గుండు గిన్నెనుండి తొలగుట అరుదైనను కలుగగల అపాయములు.

ఇవన్నియు రోగికి ముందే తెలియవలెను. ఆంగ్లపు కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొన్నంతమాత్రమున అది సమ్మతి కాజాలదు. ఏది అమర్తురు, ఎన్నాళ్లు నిలుచును, చెడినచో ఏమి చేయుదురు అను మూడు ప్రశ్నలకు రోగి మాటలోనే, తెలుగులోనే, జవాబు చెప్పుట వైద్యుని విధి. అడుగుట ఇంటివారి విధి. నడక తిరిగి పొందగోరు వృద్ధునికి ఆ మాత్రపు గౌరవము దక్కవలదా?