నాచుకు మందు వేయాలా, మేత ఆపాలా?

ఇంట్లో చేపల తొట్టి పెట్టుకున్నవారు నెల తిరక్కుండానే అనే మాట ఒకటుంది: "అద్దమంతా నాచు పట్టేసింది!" దీనికి బజారులో మందు దొరుకుతుంది. కొన్ని చుక్కలు వేస్తే నీరు తేటపడుతుంది కూడా. అయినా ఆ సీసా కొనకండి అంటాను నేను.

నాచు ఎందుకు పెరుగుతుందో ముందు చూద్దాం. వరి మొక్కలాగే దానికీ వెలుతురు, నత్రజని, భాస్వరం కావాలి. చేపలు తినగా మిగిలిన మేత తొట్టి అడుగున కుళ్లుతుంది. చేపలు విసర్జించే అమ్మోనియాను సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి. అంటే తొట్టిలో గుప్పెడు మేత ఎక్కువ వేయడమూ, పొలంలో ఎరువు చల్లడమూ ఒకటే పని.

ఈ సంగతిని ఒక సరస్సంత పెద్దగా రుజువు చేసినవారున్నారు. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ ఒక సరస్సును తెరకట్టి రెండు భాగాలు చేశారు. రెండింటిలోనూ కర్బనం, నత్రజని కలిపారు. ఒకదానిలో మాత్రం భాస్వరం కూడా వేశారు. ఆ భాగం చిక్కని ఆకుపచ్చగా మారింది. రెండోది మామూలుగానే ఉండిపోయింది.

మరి మందు చేసేదేమిటి? నాచు మందుల్లో కొన్నింటిలో ఉండేది రాగి. మన రైతులకు తెలిసిన మైలుతుత్తం కూడా రాగి లవణమే. అది నాచుతో పాటు నత్తలనూ, రొయ్యలనూ చంపుతుంది. సముద్రపు నీటి తొట్టిలో పగడాలు పెంచేవారు దాని పేరెత్తితేనే భయపడతారు. పైగా చచ్చిన నాచు ఎక్కడికీ పోదు. అక్కడే కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును తినేసి, తనలోని భాస్వరాన్ని తిరిగి నీటికే ఇస్తుంది. మళ్లీ నాచు, మళ్లీ సీసా!

సముద్రంలో పగడపు దిబ్బల మీద నాచును మేసేవి చేపలు, సముద్రపు ముళ్లకాయలు. 1983-84లో కరీబియన్ సముద్రంలో ఏదో రోగం సోకి ఒక జాతి ముళ్లకాయలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. జమైకాలో మేసే చేపలను అప్పటికే అతిగా పట్టేశారు. ఇక నాచుకు అడ్డెవరు? పగడాలను అది కప్పేసింది.

కృష్ణ ఒడ్డున తోట్లవల్లూరులో చదువుకునే మీకు ఈ తొట్టి గొడవ ఎందుకంటారా? మన డెల్టాలో చెరువు లేని ఊరు అరుదు. దివిసీమ, బందరు వైపు భూగర్భజలం ఉప్పన కాబట్టి, కాలువ నీటిని చెరువుల్లో నింపుకుని వేసవిలో తాగే ఊళ్లున్నాయి. ఆ చెరువులోనే గేదెలను కడిగితే, బట్టలు ఉతికితే, పొలాల మురుగు దిగితే నీరు పచ్చబడక ఏమవుతుంది? అప్పుడు మైలుతుత్తం గుమ్మరించడం తొట్టిలో కంటే ప్రమాదం. నీలి-ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు విషాలు తయారుచేస్తాయి. కణాలు పగిలితే ఆ విషం నీటిలో కలుస్తుంది. కాచినా పోదు.

గుడివాడ, కైకలూరు ప్రాంతాల చేపల రైతు లెక్క కొంచెం వేరు. బొచ్చె తినే సూక్ష్మప్రాణులకు నాచే ఆహారం. కాబట్టి అతనికి నీరు కొంత పచ్చగానే ఉండాలి. కాని తవుడు, కోళ్లపెంట మితిమీరితే, రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువు పీల్చడం వల్ల తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఒక్కరాత్రిలో ఏడాది కష్టం పోయిన చెరువులున్నాయి.

కనుక తొట్టి ఉన్నవారు మేత సగానికి తగ్గించండి. కిటికీ ఎండ తగలకుండా జరపండి. వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చండి, అద్దం చేత్తో గీకండి. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి, అంతే. ఊరి మంచినీటి చెరువుకైతే మందు కొనే డబ్బుతో చుట్టూ కంచె, గేదెలకు విడిగా ఒక గుంట ఏర్పాటు చేయమని పంచాయతీని మీరే అడగవచ్చు. పిల్లలు అడిగితే వినరని ఎవరన్నారు?