'అంకుర్' సంభాషణల వెనుక బిలాస్‌పూర్ రచయిత
ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పేరు వినగానే బొగ్గు రవాణా, 2003 నుంచి అక్కడ కొలువైన ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం గుర్తుకొస్తాయి. 1936లో అదే పట్టణంలో జన్మించిన నటుడు, రచయిత సత్యదేవ్ దూబే మాత్రం అంతగా గుర్తుకురారు.

క్రికెటర్ కావాలని ముంబయి చేరిన దూబే నాటకరంగంలో స్థిరపడ్డారు. ఇబ్రహీం అల్కాజీ ఢిల్లీకి తరలిపోయాక 'థియేటర్ యూనిట్' భారాన్ని మోశారు. 1971లో సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు.

తెలుగునేలతో ఆయన అనుబంధం వేరు. శ్యామ్ బెనెగల్ తొలి కథాచిత్రం 'అంకుర్' 1974లో విడుదలైంది. హైదరాబాద్ సమీప గ్రామంలో చిత్రీకరించిన ఆ సినిమాకు సంభాషణలు దూబేవే. పాత్రలు బొంబాయి స్టూడియోల హిందీలో కాక, ఇక్కడి వీధుల్లో వినిపించే దక్కనీలో మాట్లాడాయి. తెలంగాణ భూస్వామ్య దౌర్జన్యమే ఇతివృత్తమైన 'నిశాంత్'కూ మాటలు ఆయనవే. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన రచయిత పరాయి యాసను వెక్కిరింతకు వాడుకోకపోవడం విశేషం. నాటి హిందీ సినిమాలో అది అరుదు. 'భూమిక' స్క్రీన్‌ప్లేకు గిరీశ్ కర్నాడ్, బెనెగల్‌లతో కలిసి జాతీయ పురస్కారం పొందారు.

నేటి ఓటీటీ ధారావాహికలు ప్రాంతీయ యాసను ఆకర్షణగా ప్రచారం చేసుకుంటున్నాయి. ఆ ప్రచారంలో మాటల రచయిత పేరు మాత్రం అరుదుగానే కనిపిస్తుంది. దూబేకు పద్మభూషణ్ 2011లో దక్కింది. అదే ఏడాది డిసెంబరు 25న ముంబయిలో కన్నుమూశారు.