వాళ్ళు పోతే యాత్ర, మనం పోతే వలస

డిసెంబరు వస్తే చాలు, మన స్టేటస్‌లన్నీ లంబసింగి పొగమంచుతో నిండిపోతయి. 'ఆంధ్రా కశ్మీర్' అని దానికో ముద్దుపేరు. ఎండాకాలమైతే ఊటీ, మున్నార్. తిమ్మాజిపేటలో కూర్చుని ఆ ఫొటోలు చూస్తుంటే నాకొచ్చే అనుమానం ఒకటే. ఆ చలి దాకా పోయే దారి ఎవరేసిండ్రు?

లంబసింగి సంగతే తీసుకోండి. నర్సీపట్నం నుంచి ఆ కొండల్లోకి దారి వేయడానికి వందేళ్ళ కింద ఏజెన్సీ గిరిజనులను పనికి లాగారు. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ వాళ్ళ కూలి ఎగ్గొట్టాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డ కోపంలో ఈ రోడ్డు కూలి కూడా ఉంది. మన పాఠాల్లో అల్లూరి మిగిలాడు. గాం గంటం దొర ఒక వాక్యానికి పరిమితమయ్యాడు. రాళ్ళు మోసినవాళ్ళకు ఆ వాక్యం కూడా లేదు. మనం ఆ మలుపుల్లోనే కారు ఆపి సెల్ఫీ దిగుతం.

ఎండ తప్పించుకోవడానికి కొండెక్కాలనే అలవాటు దొరలు నేర్పింది. కడప కలెక్టరు హార్స్‌లీ చల్లగాలికి మదనపల్లె దగ్గర కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు, ఏనుగు మల్లమ్మ కొండ కాస్తా హార్స్‌లీ హిల్స్ అయింది. మద్రాసు ప్రభుత్వమైతే ఎండాకాలం మొత్తం ఊటీకే తరలిపోయేది. ఆ ఫైళ్ళ పెట్టెలు ఎవరి నెత్తిన ఎక్కినయో ఏ గెజిట్లోనూ కనిపించదు.

తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసినవాణ్ణి కదా, ఒక పుస్తకం ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. శ్రీశైలం చూసుకుని వనపర్తి, పాలమూరు మీదుగా హైదరాబాదు పోయాడు. అంటే మన ఊళ్ళ పక్కనుంచే. ఆ పుస్తకాన్ని నేను క్లాసులో ఇష్టంగానే చెప్తాను. కానీ పల్లకిలో కూర్చున్నాయన యాత్రికుడయ్యాడు, మోసిన బోయీలు పరివారమయ్యారు. మరి నడిచిందెవరు?

అదే లెక్క మన తాతలదీ. పాలమూరు లేబర్ తట్ట మోయని ప్రాజెక్టు ఈ దేశంలో ఎన్ని ఉంటయి? గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలోళ్ళను ఇంటికాడ వదిలి, ఏ భాష మాట్లాడతారో కూడా తెలియని ఊళ్ళకు పోయారు. పెద్ద పెద్ద యాత్రికులు చూడని నదులు చూశారు. దాన్ని ఎవరూ యాత్ర అనలేదు. వలస అన్నారు.

మున్నార్ తేయాకు తోటల ముందు ఫొటో దిగేవాళ్ళకు పెట్టిముడి పేరు తెలుసా? 2020 ఆగస్టు 6 రాత్రి అక్కడ కొండచరియ విరిగి కూలీల లైన్ ఇండ్ల మీద పడింది. 70 మంది పోయారు. చాలామంది తమిళ దళిత కుటుంబాలవాళ్ళే. తరాలుగా ఆకు తెంపినా వాళ్ళుండే ఇల్లు కంపెనీది. ఆ తోటల ఆడకూలీలే 2015లో బోనస్ కోసం, కూలి కోసం రోడ్డెక్కి, యూనియన్ నాయకులను కూడా పక్కకు నెట్టారు. పచ్చదనం చూసొచ్చినవాళ్ళు ఈ ముచ్చట చెప్పరు.

మళ్ళీ మన కొండలకు వస్తే, ఇవ్వాళ్టికీ అల్లూరి జిల్లా గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి కిందికి దించుతున్నారు. వ్యూ పాయింట్‌కు తారు రోడ్డు, పురిటి నొప్పులకు డోలీ. అరకు, లంబసింగి షెడ్యూల్డ్ ప్రాంతాలు. 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల నుంచి పుట్టిందే 1997 సమత తీర్పు. కాబట్టి టెంటు రేటు అడిగేముందు ఆ నేల ఎవరి పేరు మీద ఉందో అడగండి. బినామీ అయితే మాట తడబడుతుంది, చూడండి.

"అయితే పోవద్దంటావా అన్నా?" అని మీరు అడుగుతారు. మన కామ్రేడ్లు కొందరు టూరిజం అనగానే మూతి ముడుస్తారు. ఊటీలో మేనమామ ఇల్లున్నోళ్ళు చెప్పే నిరాడంబరత నాకొద్దు. పోవాలి. మే నెలలో కైకిలికి పోయే అవ్వకు, రేకుల ఇంట్లో ఫ్యాను కింద ఉడికే పిల్లకు ఆ చల్లగాలి అందరికంటే ముందు అందాలి. ఉపాధి పనికి ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం వేసవి భత్యం ఉండేది. సాఫ్ట్‌వేర్ మారింది, అదీ పోయింది. ఎండ మాత్రం మారలేదు.

కాలేజీ టూర్ లిస్టు గోడకు అంటించిన రోజు నేను లేని పేర్లనే ముందు వెతుకుత. "అవ్వకు పానం బాగలేదు సార్", "నాకు బస్సు పడది సార్". పైసల్లేవు సార్ అని ఒక్కరూ అనరు. నేను చూసిన ఒక కాలేజీలో, పేరెందుకులే, "ఇష్టమున్నోళ్ళే వస్తరు" అని ఒక పెద్దమనిషి తేల్చేసిండు. లిస్టు చూస్తే వాడ పిల్లలకే ఇష్టం లేదన్నమాట!

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 నుంచి ఉంది. మన పిల్లల టూర్ ఖర్చు ఆ నిధి నుంచి ఎందుకు పెట్టరో రాతపూర్వకంగా అడుగుదాం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ కాలేజీ టూర్ లిస్టు తీసుకోండి. అందులో లేనివాళ్ళు ఎంతమంది, ఏ వాడల నుంచి వస్తారు, టూర్ ఫీజు ఎంత, రాసి నాకు పంపండి. పిల్లల పేర్లు మాత్రం రాయొద్దు. వచ్చే భాగం రాసేలోపు నా దగ్గర పది కాలేజీల లెక్క ఉండాలె.

జై భీమ్.