తోట అద్దంలా ఉండాలా, నేల కప్పి ఉండాలా? వానల్లో కలుపు గురించి నా మాట

హస్త, చిత్త కార్తెలు వచ్చాయంటే ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లని ఎవరిని కదిపినా ఒకటే మాట వినిపిస్తుంది. "పురుగుకి కషాయం ఉంది, భూమికి జీవామృతం ఉంది, ఈ కలుపుకే ఏం లేదండీ" అంటారు. నిజమే. రసాయనాలు మానేసినవాళ్లు మళ్లీ ఆ డబ్బా వైపు చూసేది ఎక్కువగా ఈ ఒక్క విషయంలోనే. రెండు వారాలు ముసురు పట్టి తోటలోకి దిగలేకపోతే, తెరిపిచ్చేసరికి వంగ మొక్క ఏదో తెలియదు, తోటకూర ఏదో తెలియదు. పక్క పొలం ఆయన గట్టు మీద నిలబడి "ఏంటయ్యా, బీడు పెట్టావా?" అంటాడు. ఆ మాట మందు కంటే బలంగా పనిచేస్తుంది. చాలామంది కూలీలను పెట్టి గడ్డి పరక లేకుండా గీకించేది పంట కోసం కాదు, ఆ మాట పడలేక.

అందుకే ఈసారి సూటిగా చెప్పదలుచుకున్నాను. వానాకాలం చివర, శరదృతువులో తోటని అద్దంలా తుడిచేయడం ప్రకృతి వ్యవసాయం కాదు. కలుపంతా మన నేస్తమే, దాని మానాన దాన్ని వదిలేయండి అనడం కూడా ప్రకృతి వ్యవసాయం కాదు. ఈ రెండో మాట మన శిక్షణల్లో ఈమధ్య బాగా వినిపిస్తోంది. విని ఊరుకున్న రైతు నష్టపోతున్నాడు, నష్టపోయి మనల్ని వదిలి వెళ్లిపోతున్నాడు.

ముందు రెండో మాట సంగతి

ఫుకుఓకా దుక్కి వద్దన్నాడు, కలుపు మందు వద్దన్నాడు. కానీ కలుపుని గాలికి వదిలేయమనలేదు. దాన్ని సమూలంగా నాశనం చేయొద్దు, అదుపులో పెట్టమన్నాడు. అందుకోసం ఆయన పొలంలో తెల్ల క్లోవర్ చల్లాడు, వరిగడ్డి పరిచాడు. అంటే ఆయన ఊరికే కూర్చోలేదు, పని తీరు మార్చాడు. పాలేకర్ గారు చెప్పే ఆచ్ఛాదన కూడా అంతే. మట్టి ఆచ్ఛాదన, ఎండు ఆచ్ఛాదన, సజీవ ఆచ్ఛాదన, మూడూ మనం చేతులారా చేయాల్సినవే.

కూరగాయ నారు నాటిన మొదటి 30, 40 రోజులు పంటదే పైచేయి కావాలి. ఆ రోజుల్లో కలుపు నీడ పడితే టమాటా, మిరప, వంగ సాగిపోయి నీరసంగా తయారవుతాయి, తర్వాత ఎంత జీవామృతం పోసినా కోలుకోవు. "కలుపు తీయనివాడు కోత కోయడు" అన్న సామెత ఆ రోజుల గురించే. ఆ గడువు దాటి పంట గుబురు కట్టాక కింద మొలిచే చిన్నా చితకా గడ్డితో పెద్ద నష్టం లేదు. దాన్ని పీకడానికి పెట్టే కూలి డబ్బుతో నష్టం ఎక్కువ.

ఇప్పుడు అద్దం సంగతి

మన దగ్గర ఆశ్వయుజ, కార్తీక మాసాల వాన మామూలు వాన కాదు. నైరుతి వెళ్లిపోతూ ఒక దెబ్బ, ఈశాన్యం వస్తూ ఒక దెబ్బ, కోస్తాలో ఆపైన తుపాను. గడ్డి మొత్తం గీకేసిన నేల మీద ఆ చినుకు పడితే ఏమవుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. మట్టి ఎగిరి కింది ఆకుల మీద పడుతుంది. మట్టిలో ఉన్న తెగుళ్ల శిలీంధ్రాలు ఆ చిందుతోపాటే ఆకుకి చేరతాయి. టమాటాలో మచ్చ తెగులు కింది ఆకుల నుంచి మొదలై పైకి పాకడానికి ఇదో ముఖ్య కారణం. మిగిలిన నీరు పై మట్టిని తీసుకుని కాలవలో పడుతుంది. ఏడాదంతా ఆవు పేడ, బెల్లం, పప్పు పిండి కలిపి మనం పెంచుకున్న ప్రాణం ఉండేది ఆ పై మట్టిలోనే. వాన వెలిసి రెండు రోజులు ఎండ కాస్తే ఆ నేల పైన పెంకు కడుతుంది, గాలి ఆడదు, వేరుకి వాఫస ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఏడాది పొడుగునా నేల కప్పి ఉండాలనేది ముఖ్యమైన సూత్రం. నవధాన్యాలు చల్లేదీ అందుకే. ఒక చేత్తో కిలోల కొద్దీ నవధాన్యాలు కొని చల్లుతూ, ఇంకో చేత్తో ఊరికే మొలిచిన పచ్చదనాన్ని గీకి గట్టు అవతల పారేస్తే లెక్క ఎక్కడ కుదురుతుంది? శుభ్రమైన తోట అంటే గడ్డి లేని తోట కాదు, మట్టి కనపడని తోట. నా వాదనంతా ఈ ఒక్క ముక్కే.

తడిలో దిగొద్దు

వాన వెలిసిన మర్నాడే కొడవలి పట్టుకుని దిగడం మనకు అలవాటు. వేరు సులువుగా వస్తుంది కదా అని. ఎర్ర నేలల్లో, ఇసుక నేలల్లో అది కొంతవరకు నడుస్తుంది. నల్లరేగడిలో తడి మీద నలుగురు నడిస్తే ఆ అడుగుల కింద మట్టి ముద్ద కట్టి, ఎండితే రాయవుతుంది. పదును వచ్చేదాకా ఆగండి. పిడికెడు మట్టి తీసి ఉండ చేసి, వేలితో నొక్కితే పొడిగా విడిపోవాలి. సాగితే ఇంకా సమయం ఉందని అర్థం.

ఇంకో సంగతి. చిక్కుడు, మిరప, టమాటా ఆకులు తడిగా ఉన్నప్పుడు సాళ్లలో తిరిగితే తెగులు ఉన్న మొక్క నుంచి లేని మొక్కకి మన చేతులు, బట్టలే మోసుకెళ్తాయి. పొద్దున మంచు, తడి ఆరాకే లోపలికి వెళ్లండి. తెగులు ఉన్న సాలు ఆఖర్న ముట్టుకోండి.

పీకాలా, కోయాలా?

అన్ని కలుపులకీ ఒకటే మందు లేదు. పై వీడియోలో కొడవలితో నేలమట్టానికి కోయడం చూశారు కదా. అది ఏకవార్షిక మొక్కలకి. గునుగు, అడవి తోటకూర లాంటివి పూత దశలో, గింజ పట్టకముందు మొదలు దగ్గర కోసేస్తే చాలావరకు లేవవు. వేరు మట్టిలోనే కుళ్లి వానపాముకి తిండి అవుతుంది, నీరు ఇంకడానికి దారి అవుతుంది. నేల కదలదు కాబట్టి అడుగున నిద్రపోతున్న గింజలు పైకి రావు.

తుంగ అలా కాదు. దాన్ని పీకితే పైన పరక వస్తుంది, కింద గొలుసు తెగుతుంది, నిద్రలో ఉన్న గడ్డలన్నీ మేలుకుంటాయి. ఒకటి పీకిన చోట నాలుగు లేస్తాయి. తుంగకి గిట్టనిది నీడ. అలసంద, గుమ్మడి, చిలగడదుంప లాంటి నేల కప్పే పంట ఒత్తుగా వేసి రెండు మూడు కార్లు ఓపిక పడితే అదే పలచబడుతుంది. గరిక కూడా ఎండ కోరుకునేదే. దాని ప్రతి కణుపూ ఒక మొక్క కాబట్టి ముక్కలు చేసి తోటలో వదలకూడదు.

వానల్లో ఇంకో చిక్కు ఉంది. వేసవిలో పీకి పడేస్తే గంటలో వాడే గడ్డి, ఇప్పుడు పడేసిన చోటే మళ్లీ వేరు తన్నుతుంది. గరిక, తుంగ, పావలికూర ఇందులో ఘనులు. వీటిని తోటలో పరవకండి. డ్రమ్ములో నీళ్లు పోసి ముంచి, మూత పెట్టి, మూడు వారాలు కుళ్లనివ్వండి. వాసన భరించాలి, తప్పదు. ఆ నీళ్లని ఒకటికి పది పాళ్లు మంచినీళ్లు కలిపి మొదళ్లలో పోసుకోవచ్చు. మిగతా మెత్తని కలుపు ఎక్కడ కోశామో అక్కడే పరవండి. మొక్క మొదలుకి మాత్రం జానెడు దూరం ఉంచండి. లేకపోతే వానల్లో మొదలు కుళ్లు వస్తుంది, బొప్పాయికి మరీ. నత్తలు కూడా అక్కడే చేరతాయి.

దేన్ని అస్సలు ఉపేక్షించకూడదు

వయ్యారిభామ దగ్గర నాకు దయ లేదు. 1950లలో బయటి దేశం నుంచి వచ్చిన గోధుమలతో మన దేశంలో అడుగుపెట్టిన ఈ మొక్క ఇప్పుడు ప్రతి గట్టు మీదా ఉంది. మొలిచిన నెల, నెలన్నరకే పూతకొస్తుంది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. పూత రాకముందు, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకాలి. గట్ల మీదా, బాటల మీదా ఉండేదే కాబట్టి దీనికి పదును నియమం అడ్డు రాదు. పూత రాకముందు పీకినదైతే కంపోస్టులో వేసుకోవచ్చు. దీని ఆకు, పుప్పొడి వల్ల చర్మం దద్దుర్లు, ఆయాసం వస్తాయి. కలుపు తీసే అక్కలకి చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ ఇవ్వడం మన బాధ్యత. ఆకు మీద నల్ల చారల తెల్లటి పెంకు పురుగు కనిపిస్తే చంపకండి. అది 1984లో మన దేశంలో ఈ మొక్క కోసమే వదిలిన మెక్సికన్ బీటిల్. వానల్లో మన పని అదీ కొంత చేస్తుంది.

మినుములో బంగారు తీగ కూడా అంతే. అల్లుకున్న మినుము మొక్కతో సహా తీసి చేను బయటికి చేర్చాలి, పూతకి ముందే. పండు ఈగ కుట్టి రాలిన జామకాయలు, పాదు కింద కుళ్లిన కాకర, సొర, వైరస్ పట్టిన మిరప, బెండ మొక్కలు, వీటిని "ఆచ్ఛాదన" అని చెప్పి అక్కడే వదిలేయడం బద్ధకం. ఏరి లోతుగా పాతిపెట్టండి. కొబ్బరి చిప్పలు, పగిలిన కుండీలు, పాత టైర్లు నీళ్లు నిలిపి దోమల్ని పెంచుతాయి, బోర్లించండి. ఇంటి నుంచి తోటకి, బోరు దగ్గరికి, పశువుల పాకకి వెళ్లే దారి మాత్రం నిజంగానే అద్దంలా ఉండాలి. వానల్లో పాములు గడ్డిలోనే ఉంటాయి. నేల కప్పాలనే సూత్రం మనిషి అడుగు పడే చోట వర్తించదు.

కలుపు అనే పేరు ఎవరు పెట్టారు?

తెలంగాణలో బతుకమ్మకి పేర్చే గునుగు పువ్వు పత్తి చేలో కలుపు. ఒకప్పుడు పిల్లలు చేల వెంట తిరిగి ఒడి నిండా కోసుకొచ్చేవారు. ఇప్పుడు పట్నంలో కట్టలు కట్టి అమ్ముతుంటే కొనుక్కుంటున్నాం. కలుపు మందు కొట్టిన చేలో గునుగు ఎక్కడిది? వినాయక చవితికి తుమ్మి, ఉత్తరేణి వెతుక్కునే పరిస్థితీ అంతే. పొన్నగంటి, పావలికూర, గలిజేరు, చెంచలి, ఇవన్నీ విత్తకుండా దొరికే కూరలు. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఈ సాగు చేయని ఆకుకూరల విలువ గురించి ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. అక్కడ కలుపు తీయడం అంటే సగం కూర కోసుకోవడమే. కూలికి వచ్చిన అక్క ఏది ఒళ్లో వేసుకుంటోందో గమనించండి. మీ తోటలో ఏది కూరో మీకన్నా ఆమెకే బాగా తెలుసు. ఒక మాట మాత్రం, పక్క పొలంలో మందు కొట్టి ఉంటే ఆ గట్టు మీది ఆకు కోయకండి.

గ్లైఫోసేట్ వాడకాన్ని కేంద్రం 2022లో శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. కాగితం మీద అలా ఉన్నా, గట్టు ఎర్రగా మాడి కనిపించే ఊళ్లు మనకు కొత్త కాదు. ఆ మాడిన గట్టుని చూసి "ఎంత శుభ్రంగా ఉందో" అనే మనిషి మారకుండా ఏ ఉత్తర్వూ పనిచేయదు. మారడం మనతో మొదలవ్వాలి. మన వీడియోల్లో కూడా గడ్డి పరక లేని మడులే చూపిస్తే కొత్తగా వచ్చే రైతు తన తోటని చూసుకుని సిగ్గుపడతాడు. కప్పి ఉన్న నేలని, కోసి పరిచిన కలుపుని, గట్టు మీద పూసిన గునుగుని కూడా ధైర్యంగా చూపిద్దాం.

కూలి ఖర్చు గురించి ఒక్క మాట. నాలుగుసార్లు ఆలస్యంగా తీయించే బదులు రెండుసార్లు అదునులో తీయించండి. మొదటిది నాటిన మూడో వారంలో, రెండోది కలుపు పూతకి వచ్చినప్పుడు, గింజ పట్టకముందు. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు, పంట పెద్దదైంది కదా అని. వచ్చే ఏడాది కూలి బిల్లు రాసేది అక్కడే. ఈ ఏడు రాలనివ్వని గింజే వచ్చే ఏడు మిగిలే కూలి.

వాన తెరిపిచ్చాక, పదును చూసుకుని, ముందు గట్ల చుట్టూ ఒక్కసారి తిరిగి రండి. ఏది పూతలో ఉంది, ఏది గింజ పట్టింది, ఏది కూరకి పనికొస్తుంది, ఎక్కడ మట్టి బయటపడింది, చూసుకుని అప్పుడు కొడవలి తీయండి. మీ నేలలో ఏ పద్ధతి నడిచింది, ఏది నడవలేదు తప్పకుండా చెప్పండి. మీది రేగడా, ఎర్ర చెలకా, ఇసుకా అన్నది కూడా చెబితే మిగతావాళ్లకి ఉపయోగం. ఉంటాను.